రాజ్యలక్ష్మి గారి యాకిసోబా

పులుపూ తీపీ కలిసిన చిక్కటి సాస్ బాగా కాలిన ఇనప పెనం మీద పడినప్పుడు ఒక్కసారిగా పైకి లేచే వాసన ఒకటుంటుంది. మాడిన బెల్లం, చింతపండు, సోయా సాస్, మిరియాలు అన్నీ అందులో వేరువేరుగా తెలుస్తాయి. అల్మాస్‌గూడలో మేముండే ఫ్లాటు వంటగదిలోంచి ఆ వాసన బయటికి పోయినప్పుడల్లా కింది అంతస్తు యాదమ్మక్క బాల్కనీలోకి వచ్చి తలెత్తి చూస్తుంది. పోయిన ఆదివారం కూడా అలాగే చూసి, "ఏంది స్వరూపా, పులుసు మాడగొట్టినవా?" అని అడిగింది. "పులుసు కాదక్కా, యాకిసోబా. జపానోళ్ళ నూడుల్స్" అన్నాను. "గదెక్కడ నేర్చినవే?" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో అని చెప్పాను. నవ్వి లోపలికి పోయింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నేర్పని విద్య లేదు కాబట్టి ఇదీ అక్కడే ఏదో కోర్సులో నేర్చుకున్నానని అనుకుని ఉంటుంది. నిజానికి నేను నేర్చుకున్నది ఒక పాత అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఒక పెద్దావిడ దగ్గర. ఆవిడ పేరు రాజ్యలక్ష్మి గారు. చెయ్యి బాగుచెయ్యడానికి ఆ ఇంటికి వెళ్ళినదాన్ని నేను. అక్కడ ఎవరు ఎవరికి ఎంత నేర్పారో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

అప్పటికి నేను ఫిజియోథెరపీ కోర్సు పూర్తిచేసి ఎల్బీ నగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో చేరి మూడు నెలలైంది. మొదటి ఉద్యోగం. క్లినిక్‌కు రాలేని రోగుల ఇళ్ళకు స్కూటీ మీద వెళ్ళి వ్యాయామాలు చేయించడం నా పని. ఏ జబ్బుకు ఏ వ్యాయామాలు, ఎన్నిసార్లు అన్నది క్లినిక్ నడిపే సార్ అచ్చువేయించిన కాగితం మీద ఉండేది. చేయించిన దాని పక్కన టిక్కు పెట్టుకుని రావాలి. నాకది బాగుండేది. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. నల్గొండ పక్క ఊరి నుంచి వచ్చి, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బండి తోలి మా నాన్న నన్ను చదివించాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే తప్పు జరగదని గట్టిగా నమ్మేదాన్ని.

మొదటి రోజు నేను వెళ్ళేసరికి ఆవిడ హాల్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్షవాతం వచ్చి అప్పటికి రెండు నెలలు. కాలు కొంత కోలుకుంది, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు. మాట కాస్త నెమ్మదైంది, అంతే. చెయ్యే ఒళ్ళో వాలిపోయి ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుని. భర్త సుబ్బారావు గారు పక్కన స్టూలు మీద కూర్చుని ఇడ్లీ తుంచి చట్నీలో అద్ది నోటికి అందిస్తున్నారు. ఆవిడ రెండు ముక్కలు తిని మూడో దానికి ముఖం తిప్పుకున్నారు. "ఇంకొక్కటి, రాజ్యం" అన్నారాయన. "చెయ్యి పడిపోయింది గానీ నోరు పడిపోలేదండీ. ఆకలైతే నేనే చెబుతాను" అన్నారావిడ. ఆయన నొచ్చుకోలేదు. ఆ ముక్క గిన్నెలో పెట్టి, తడిగుడ్డతో ఆవిడ మూతి తుడిచారు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. అంత ప్రేమగా చూసుకునే భర్త దొరికిన ఆవిడ అదృష్టవంతురాలని ఆ క్షణాన అనుకున్నాను. తుడుస్తున్నప్పుడు ఆవిడ ముఖంలోకి సరిగ్గా చూసి ఉంటే అలా అనుకునేదాన్ని కాదు.

నా సంచిలోంచి మెత్తటి రబ్బరు బంతి తీసి ఆవిడ కుడి అరచేతిలో పెట్టి, "మెల్లగ పిసకుండ్రి మేడం. పదిసార్లు" అన్నాను. ఆవిడ బంతి వైపు చూశారు, నా వైపు చూశారు. చెయ్యి వాల్చారు. బంతి దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది.

"ఇది పిసికితే ఏమొస్తుందమ్మాయ్?"

"వేళ్ళకు బలమొస్తది మేడం."

"బలమొస్తే?"

ఆ ప్రశ్న కాగితం మీద లేదు. "మీకేం చెయ్యాలనుందో చెప్పుండ్రి" అన్నాను. నేనేదో గొప్పగా ఆలోచించి అడిగిన మాట కాదు. బంతి కోసం సోఫా కిందికి వంగుతూ అన్న మాట. కానీ ఆవిడ నిటారుగా కూర్చున్నారు. "రెండు నెలల్లో నన్నీ మాట అడిగినవాళ్ళు లేరు" అన్నారు. "నాకు శుక్రవారం నూడుల్స్ చెయ్యాలనుంది. ఇంకా... నన్ను మేడం అనకు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఆ పిలుపు విని విని చెవులు అరిగిపోయాయి."

అలా ఆవిడ నాకు ఆంటీ అయ్యారు. ఆయన అంకుల్ అయ్యారు.

నూడుల్స్ అంటే పిల్లలు తినే ప్యాకెట్టు నూడుల్స్ అనుకున్నాను. అసలు సంగతి తరువాతి వారం, భుజం వ్యాయామాలు చేయిస్తుండగా, ఆవిడే చెప్పారు. ఆవిడది గుంటూరు వైపు ఒక పల్లె. ఇరవై ఏళ్ళకే హైదరాబాదు వచ్చి సర్కారువారి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టంకం వేసే పనిలో చేరారు. గోరంత పలక మీద వెంట్రుకంత తీగలు అతికించాలి. చెయ్యి వణకని వాళ్ళే ఆ పనికి పనికొస్తారు. ఐదేళ్ళ తరువాత కొత్త యంత్రాల మీద శిక్షణ కోసం ఆరుగురు ఆడపిల్లలను నాలుగు నెలల పాటు జపాన్ పంపితే అందులో ఆవిడ ఒకరు. మాంసం ముట్టని ఇల్లు. అక్కడి హాస్టల్లో మొదటి వారమంతా అన్నమూ, వెంట తీసుకెళ్ళిన గోంగూర పచ్చడీ తప్ప ఇంకేమీ తినలేదట. హాస్టల్ వంటావిడ అది కనిపెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఒక సాయంత్రం చెయ్యిపట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్ళి, మాంసం తగలని వేరే పెనం చూపించి, క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ చూపించి, వీటితోనే నూడుల్స్ చేస్తానని సైగ చేసిందట. "మూడు వారాలు పక్కన నిలబడి చూశాను. నాలుగో వారం పెనం ముందు నన్ను నిలబెట్టి తను పక్కకు జరిగింది" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "అంతకంటే బాగా నేర్పినవాళ్ళను నా సర్వీసు మొత్తంలో చూడలేదు."

తిరిగొచ్చాక, పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టరన్న సంగతి ఖాయమయ్యాక కూడా ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళింట్లో అదే వంట. అక్కడి సాస్ ఇక్కడ దొరక్కపోతే ఆవిడే ఒకటి కల్పించుకున్నారు. చిక్కటి చింతపండు గుజ్జు, బెల్లం, సోయా సాస్, టమాటా సాస్, మిరియాల పొడి, ఒక్క లవంగం. పైన వేసుకునే ఎర్ర అల్లం కోసం అల్లాన్ని సన్నటి పుల్లలుగా తరిగి, బీట్‌రూట్ రసంలో, నిమ్మరసంలో నానబెట్టేవారు. సుబ్బారావు గారు బ్యాంకు నుంచి వచ్చేసరికి పెనం పొగలు కక్కుతుండాలి. శుక్రవారం ఆయన వంటింట్లో అడుగుపెట్టకూడదు. తిని, ఏం తక్కువైందో, ఏం ఎక్కువైందో చెప్పడం వరకే ఆయన పని.

నేను ఆ వంట పని మొత్తాన్ని ముక్కలు చేసుకున్నాను. నూడుల్స్ చెయ్యాలంటే చెయ్యి ఏమేం చెయ్యాలి? క్యాబేజీ ఆకులు విప్పాలి, చించాలి. ఉడికిన నూడుల్స్ అంటుకోకుండా విడదీయాలి. పెనం పిడి పట్టుకోవాలి. అట్లకాడ తిప్పాలి. ఒక్కొక్కటీ ఒక్కో వ్యాయామం. గిన్నె జారకుండా కింద తడిగుడ్డ వేశాం. మా నాన్నతో ఒక చెక్క పలకకు రెండు తుప్పుపట్టని మేకులు కొట్టించి తెచ్చాను. ఆ మేకులకు గుచ్చితే క్యారెట్ కదలదు, ఒక్క చేత్తో కొయ్యొచ్చు. ఆ పలకను ఆవిడ చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "మా ఫ్యాక్టరీలో కూడా ఇలాంటివి చేసుకునేవాళ్ళం, పలక కదలకుండా. మీ నాన్నగారిది మంచి చెయ్యి" అన్నారు. ఆ మాట ఇంటికెళ్ళి చెబితే మా నాన్న అన్నం తింటూ రెండుసార్లు అడిగాడు, "పలక మంచిగున్నదన్నదా మేడం?" అని.

నూడుల్స్ విడదీయడం అన్నిటికంటే కష్టం. కాస్త తక్కువ ఉడికించి, చన్నీళ్ళలో కడిగి, నూనె రాసి వెడల్పాటి పళ్ళెంలో పోసేదాన్ని. ముద్దగా అంటుకున్న పోగులను ఆవిడ కుడిచేతి వేళ్ళతో ఒక్కొక్కటిగా పక్కకు లాగాలి. మొదటి రోజు అరగంటలో నాలుగు పోగులు. చెమట పట్టింది. సుబ్బారావు గారు గుమ్మంలో నిలబడి చూసి చూసి ఆగలేక వచ్చి, "నేను తీస్తానుండు" అని చెయ్యి పెట్టబోయారు. "మీరు హాల్లోకి వెళ్ళండి" అన్నారావిడ. ఆయన వెళ్ళారు గానీ నన్ను గుమ్మం దాకా పంపించేటప్పుడు మెట్ల దగ్గర ఆపి మెల్లగా అన్నారు: "ఎందుకమ్మా ఆవిడను అంత కష్టపెట్టడం? నేనున్నాను కదా అన్నీ చేయడానికి." ఆయన చెప్పిందీ నిజమే అనిపించింది. మరుసటి వారం ఆరు పోగులు. నెలకు గుప్పెడు. టిక్కులు పెట్టే కాగితంలో ఇవేవీ రాయడానికి చోటు లేదు కాబట్టి నేను బంతి దగ్గరే టిక్కు పెట్టేదాన్ని. సార్‌కు చెప్పలేదు.

నాలుగో నెలలో ఒక బుధవారం ఆవిడ, "ఇవాళ పెనం పెడదాం" అన్నారు. అప్పటికి కుడిచెయ్యి గిన్నె అంచు పట్టుకోగలుగుతోంది. నేను సరేనన్నాను. ఆవిడకంటే నాకే తొందరగా ఉంది. ఇనప పెనం, ఇనప పిడి. పిడికి నాలుగు మడతల గుడ్డ చుట్టి, కుడిచేత్తో పట్టుకోమని చెప్పి, ఎడంచేతికి అట్లకాడ ఇచ్చాను. నూడుల్స్ నీళ్ళు వంచడానికి సింకు వైపు తిరిగాను. అర నిమిషం అయ్యుండదు. వెనక్కి తిరిగేసరికి గుడ్డ జారి పొయ్యి గట్టు మీద పడి ఉంది. ఆవిడ అరచెయ్యి ఉత్త ఇనుము మీద ఉంది. ఆవిడ ప్రశాంతంగా పెనంలోకి చూస్తూ క్యాబేజీ తిప్పుతున్నారు.

"ఆంటీ, చెయ్యి!" అని అరిచాను.

"ఏమైంది?" అన్నారు నా వైపు తిరిగి.

ఆవిడకు తెలియలేదు. ఆ 'ఏమైంది' ఇప్పటికీ నా చెవిలో అలాగే ఉంది. చెయ్యి లాగి కుళాయి కింద పెట్టాను. మూడు వేళ్ళ మీద, అరచేతి మీద బొబ్బలు లేచాయి. కేక విని వచ్చిన సుబ్బారావు గారు ఆ చెయ్యి చూశారు. ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. ఆయన గొంతు పెంచలేదు. "వెళ్ళమ్మా. ఇంక రావద్దు" అన్నారు. అంతే.

నేను క్లినిక్‌కు చేరేలోపే సార్‌కు సుబ్బారావు గారి ఫోను వచ్చింది. సార్ నన్ను లోపలికి పిలిచి ఒక్కటే అడిగారు. "చేతికి వేడి తెలుస్తున్నదా లేదా చూసినవా?"

"మొదటి దినం దూదితోని ముట్టి చూసిన సార్. తెలుస్తున్నదన్నరు."

"దూది కాదమ్మా నేనడిగింది. వేడి."

"చూడలే సార్."

"కాలేజీల గిదే చెప్పిండ్రా? అసలు పొయ్యికాడికి తోలుకపొమ్మని ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నారు. రేపటి నుంచి ఇళ్ళకు వెళ్ళక్కర్లేదని, క్లినిక్‌లోనే ఉండి మంచాలు, యంత్రాలు చూసుకోమని, నెలాఖరుకు ఏం చెయ్యాలో ఆలోచిస్తానని చెప్పారు. ఆయన అన్నదాంట్లో అన్యాయం లేదు. ఇంటికెళ్ళి అమ్మతో, ఈ పని నాకు చేతకాదు, ఏదైనా కాల్ సెంటర్‌లో చేరతాను అన్నాను. ఎందుకో చెప్పలేదు. వేడి తెలియని చేతిని వేడి పెనం మీద పెట్టినదాన్నని ఏ నోటితో చెప్పను?

పది రోజుల తరువాత ఒక మధ్యాహ్నం క్లినిక్ ముందు ఆటో ఆగింది. సుబ్బారావు గారు ముందు దిగి చెయ్యి అందించారు. రాజ్యలక్ష్మి గారు దిగారు. వాళ్ళ అపార్ట్‌మెంటుకు లిఫ్టు లేదు. పక్షవాతం వచ్చాక ఆసుపత్రి నుంచి కుర్చీలో మోసి పైకి తెచ్చినప్పటి నుంచి ఆవిడ కిందికి దిగలేదు. ఆ రోజు మూడు అంతస్తులూ మెట్ల రెయిలింగ్ పట్టుకుని తనే దిగారట. ఆయన వద్దంటే, "మీరు రాకపోతే ఒక్కదాన్నే పోతాను" అన్నారట. కుడిచేతికి కట్టు ఉంది. నుదుటి మీద చెమట. నన్ను చూసి తల ఊపి, నేరుగా సార్ గదిలోకి నడిచారు. నన్నూ రమ్మన్నారు.

కూర్చోమన్నా కూర్చోలేదు. "ఈ అమ్మాయి తప్పు చేసింది" అన్నారు. "చేతికి వేడి తెలుస్తుందో లేదో చూడకుండా పొయ్యి దగ్గర నిలబెట్టింది. అందులో నాకూ వాటా ఉంది. వేడి తెలియట్లేదని నాకు ముందే అనుమానం. చెబితే పెనం దగ్గరికి రానివ్వరని చెప్పలేదు."

సార్ నా వైపు చూశారు. సుబ్బారావు గారు ఆవిడ వైపు చూశారు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసిందనుకుంటాను.

"వేరే అమ్మాయిని పంపిస్త మేడం. అనుభవం ఉన్నామె" అన్నారు సార్.

"ఆ అమ్మాయి ఎవరింట్లోనైనా చెయ్యి కాల్చిందా?"

"లేదు మేడం. గట్లెన్నడు కాలే."

"అయితే నాకు ఈ అమ్మాయే కావాలి. ఈ తప్పు ఇంక జన్మలో చెయ్యదు. కొత్తావిడ మొదటి నుంచి మొదలుపెడుతుంది."

సార్ బల్ల మీది కలం అటూ ఇటూ జరిపారు. చివరికి, "అంకుల్ ఒప్పుకుంటే పంపిస్త" అన్నారు. సుబ్బారావు గారు వెంటనే ఒప్పుకోలేదు. గోడ మీది వెన్నెముక బొమ్మ వైపు తిరిగారు. "ఇవాళ మూడంతస్తులు దిగిందండీ" అన్నారు ఆఖరికి, సార్‌తో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు. "ఆర్నెల్లలో నేను ఒక్క మెట్టు దింపలేకపోయాను." అదే ఆయన ఒప్పుకోలు.

మళ్ళీ వెళ్ళిన మొదటి రోజు ఆవిడ నన్ను వంటింట్లోకి పోనివ్వలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం ఇచ్చి, ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నారు. నేను 'నా నిర్లక్ష్యం వల్ల' అని మొదలుపెట్టాను. ఎడంచేత్తో కలం లాక్కుని ఆ మాట కొట్టేశారు. గీత వంకరగా కాగితం చివరి దాకా పోయింది. "ఎవరి తప్పో రాయకు. ఏం జరిగిందో రాయి" అన్నారు. అప్పుడు తన ఫ్యాక్టరీ సంగతి చెప్పారు. "మా వరసలో ఒక పిల్ల వేళ్ళు కాల్చుకుంది. జాగ్రత్త లేదని అందరం దాన్నే తిట్టాం. నేను ఇంకాస్త ఎక్కువ తిట్టాను, నేర్పినదాన్ని కదా. వారానికి ఇంకో పిల్ల కాల్చుకుంది. అప్పుడు బల్ల వైపు చూశాం. టంకం కడ్డీ పెట్టుకునే స్టాండు చెయ్యి చాచే దారిలో ఉంది. అక్కడ పెట్టించింది నేనే. మొదటి పిల్ల అప్పటికే మానేసి వెళ్ళిపోయింది." "దాని ఇల్లు కనుక్కుని వెళ్ళాను. రానంది" అన్నారు.

రాశాను. వేడి పరీక్ష చెయ్యలేదు. పిడి ఇనపది. గుడ్డ కట్టలేదు, చుట్టాం, అందుకే జారింది. రోగి చెయ్యి పొయ్యి దగ్గర ఉండగా నా వీపు పొయ్యి వైపు ఉంది. రోగి ముందే తెలిసినది చెప్పలేదు. చివరి వాక్యం చదివి ఆవిడ, "బాగుంది, అదీ ఉండాలి" అన్నారు. ఒక్కో వాక్యం కింద ఇక ముందు ఏం చెయ్యాలో రాయమన్నారు. ఆ రోజు నుంచి పని మొదలుపెట్టే ముందు రెండు గ్లాసులు, ఒకటి గోరువెచ్చని నీళ్ళు, ఒకటి చన్నీళ్ళు. కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పాలి. మొదట్లో అన్నీ తప్పులే. ఏ వస్తువునైనా ముందు ఎడంచేత్తో తాకి చూసి, తరువాతే కుడిచెయ్యి పెట్టాలని నియమం పెట్టుకున్నాం. సుబ్బారావు గారు ఎవరికీ చెప్పకుండా ఆ పెనం తీసుకెళ్ళి చెక్క పిడి వేయించుకొచ్చారు. గట్టు మీద పెట్టి, పేపరు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయారు.

ఇంకో రెండున్నర నెలలకు, ఒక శుక్రవారం సాయంత్రం, ఆవిడ మొదటి నుంచి చివరి దాకా తనే చేశారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, ముఖం పొయ్యి వైపు పెట్టుకుని. పెనం పొగలు వచ్చేదాకా ఆగారు. కూరలు కొద్దికొద్దిగా వేసి, కరకరలాడుతుండగానే తీసేశారు. నూడుల్స్ పరిచి కదపకుండా వదిలేశారు. నేను తిప్పమన్నట్టు చూస్తే, "అడుగు ఎర్రబడనీ. కంగారుపడి తిప్పితే ముద్దవుతుంది" అన్నారు. గుప్పెడు నీళ్ళు చిలకరించి, కూరలు మళ్ళీ కలిపి, సాస్‌ను పెనం అంచు వెంట పోశారు. ఆ వాసన నేను అప్పుడే మొదటిసారి పీల్చాను. వంటింటి నుంచి హాల్లోకి పోయింది. సుబ్బారావు గారు పిలవకుండానే వచ్చి కూర్చున్నారు.

క్యాబేజీ ముక్కలు ఒకటి అరచేయంత, ఒకటి గోరంత. కొన్ని నూడుల్స్ గట్టు మీద పడ్డాయి. ఆయన ఒక ముద్ద తిని నమిలారు. ఇంకో ముద్ద తిన్నారు. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది" అన్నారాయన.

ఏడు నెలల కష్టానికి ఇదా మాట అనుకున్నాను. కానీ రాజ్యలక్ష్మి గారి ముఖం విప్పారింది. అంతలా ఎప్పుడూ చూడలేదు. "తక్కువైందా? ఎంత తక్కువ?" అని ముందుకు వంగి అడిగారు. "కాస్త. పులుపు కూడా కొంచెం ఎక్కువే" అన్నారాయన. ఆ తరువాత నాతో వంటింట్లో అన్నారు: "తొమ్మిది నెలల నుంచి ఈయన నన్ను ఒక్క మాట అనలేదే అమ్మాయ్. ఏం చేసినా బాగుంది, బాగుంది. చంటిపిల్లతో మాట్లాడినట్టు. ఇవాళ మళ్ళీ నా మొగుడు మాట్లాడాడు."

ఆవిడ చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. అది కూడా చెప్పాలి. రాత తిరిగి రాలేదు. రవిక హుక్కులు చివరి దాకా పెట్టుకోలేకపోయారు. సన్నటి తీగలు అతికించిన ఆ వేళ్ళు సూదిలో దారం ఎక్కించలేవు. క్లినిక్ తరఫున వెళ్ళడం ఆగిపోయాక కూడా శుక్రవారాలు వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. పక్కన నిలబడి చూసేదాన్ని. ఒక రోజు ఆవిడ పెనం ముందు నన్ను నిలబెట్టి తను పక్కకు జరిగారు. నేను చేసింది సుబ్బారావు గారికి వడ్డించి, "స్వరూప చేసింది. మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు. ఆయన మొహమాటపడలేదు. రెండున్నరేళ్ళు అలా గడిచాయి. ఆ తరువాత ఒక వేసవిలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. ఇంటికి రాలేదు.

రెండు నెలలకు సుబ్బారావు గారు ఫోను చేశారు. "స్వరూపా, శుక్రవారం ఒకసారి రాగలవా అమ్మా? నాకు దాని పేరు తెలుసు, రుచి తెలుసు. చెయ్యడమే తెలియదు. నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు కదా."

"వస్త అంకుల్" అన్నాను.

వెళ్ళేసరికి క్యాబేజీ, క్యారెట్ కొని కడిగి పెట్టుకున్నారు. చింతపండు నానబెట్టుకున్నారు. సాస్ కలిపాం. నూడుల్స్ పళ్ళెంలో పోసిస్తే బల్ల దగ్గర కూర్చుని పోగు పోగూ విడదీశారు. రెండు చేతులూ బాగున్న మనిషికి కూడా అది తేలిక కాదు. "ఇంత పని ఉందా దీంట్లో" అని ఒకసారి మాత్రం అన్నారు. నేను పొయ్యి వెలిగించి పెనం పెట్టి, పొగలు వచ్చాక కూరలు వేసి తిప్పడం మొదలుపెట్టాను. ఆయన పక్కన నిలబడి చూస్తున్నారు. కొంతసేపటికి అడిగారు.

"నీది ఎడంచేతి వాటమా అమ్మాయ్?"

"కాదంకుల్" అన్నాను, అని నా చేతుల వైపు చూసుకున్నాను. కుడిచెయ్యి చెక్క పిడిని ఆనించి పట్టుకుని ఉంది. అట్లకాడ ఎడంచేతిలో ఉంది. ఆ వంట నేను చూసిందే అలా. ఆవిడ చేతుల్లో చూసి, ఆవిడ చేసినట్టే నేర్చుకున్నాను. అన్నాళ్ళూ చేస్తూ కూడా నాకు తెలియలేదు.

"ఆవిడదీ కాదు" అన్నారు సుబ్బారావు గారు.

కూరలు మాడుతున్నాయని నేను పొయ్యి తగ్గించాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తరువాత నా పక్కకొచ్చి, ఎడంచెయ్యి చాచి అట్లకాడ అడిగారు. ఇచ్చి పక్కకు జరిగాను. మొదటి తిప్పుకే సగం క్యాబేజీ గట్టు మీద పడింది.

ఇప్పుడు అల్మాస్‌గూడలో నాకు సొంతంగా చిన్న క్లినిక్ ఉంది. కొత్తగా వచ్చిన ఏ రోగికైనా కాగితంలో మొదటి గీత మీద వాళ్ళకు ఏం చెయ్యాలనుందో రాస్తాను. పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిల చేత, ఏదైనా జరిగిన రోజున, ఏం జరిగిందో రాయిస్తాను. అవి నేను తెలిసి పట్టుకొచ్చుకున్నవి. ఈ వంట సంగతి వేరు. అన్నం వడ్డించినా, దోసె తిప్పినా కుడిచేత్తోనే చేస్తాను. యాకిసోబా దగ్గర మాత్రం అట్లకాడ దానంతట అదే ఎడంచేతిలోకి పోతుంది. ఒకటి రెండుసార్లు కావాలని కుడిచేత్తో చేసి చూశాను. నూడుల్స్ బాగానే వచ్చాయి. కానీ తిప్పుతున్నంతసేపూ ఎవరి వంటో చేస్తున్నట్టు అనిపించి, మధ్యలోనే చెయ్యి మార్చుకున్నాను.